ఫైండర్ రాకముందే ఒక డైలాగ్

పాత మ్యాక్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌లో సిస్టమ్ 7 (ఆనాటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్) లేస్తోంది. తెర అడుగున ఎక్స్‌టెన్షన్ల (బూటింగ్‌లో లోడయ్యే చిన్న ప్రోగ్రాముల) ఐకాన్లు ఒక్కొక్కటే వరుస కడుతున్నాయి. నేను రాసిన ఎక్స్‌టెన్షన్ రాగానే వరుస ఆగింది. మధ్యలో చిన్న డైలాగ్, అందులో ఓకే బటన్. ఎంత సంతోషమేసిందో!

అప్పటికి ఫైండర్ (ఫైళ్ళూ ఫోల్డర్లూ చూపే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్) ఇంకా రాదు. అప్లికేషన్లకు సిద్ధంగా దొరికే ఏ5 వరల్డ్ (ప్రాసెసర్‌లోని ఏ5 రిజిస్టర్ ఆధారంగా అందే, గ్లోబల్స్ ఉండే మెమరీ) ఇనిట్ కోడ్‌కి, అంటే ఇలాంటి ఎక్స్‌టెన్షన్ కోడ్‌కి, ఉండదు. తెరమీద బొమ్మలు గీసే క్విక్‌డ్రా వాడుకునే గ్లోబల్స్‌కి మనమే చోటు చూసి, ఏ5 రిజిస్టర్‌ని అటు తిప్పి, క్విక్‌డ్రాని సిద్ధం చేసే ఇనిట్‌గ్రాఫ్‌ని పిలవాలి. పనయ్యాక పాత ఏ5ని ఉన్నదున్నట్టు తిరిగి పెట్టెయ్యాలి. మన తర్వాత లోడయ్యేవి వేరేవాళ్ళు కష్టపడి రాసినవి కదా.

ఒక్కటే బెంగ. కరెంటు పోయి వచ్చాక మ్యాక్ దగ్గర ఎవరూ లేకపోతే, ఓకే నొక్కేదాకా బూటింగ్ అక్కడే ఆగిపోతుంది. డైలాగ్‌ని నడిపే మోడల్‌డైలాగ్‌కి మనమిచ్చే ఫిల్టర్ ఫంక్షన్‌లో టిక్‌కౌంట్ (బూటయినప్పటినుంచి గడిచిన సమయం) చూసి, కాసేపటికి తనంతట తానే మూసుకునేలా రేపు మార్చాలి.