నీలగిరి తైలం వాసన

వాష్‌బేసిన్‌లో ఎర్రటి చార కనిపించగానే బీట్‌రూట్ అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే గ్లాసెడు బీట్‌రూట్ రసం తాగాను, ఒంటికి రక్తం పడుతుందని. మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి నురగతో, వెచ్చగా, నోరంతా ఇనుము రుచి. బీట్‌రూట్ కాదు.

రాత్రి రెండు దాటింది. అంతకు గంట ముందే నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టాను. నాలుగు చుక్కలు చాలంటే పది వేశాను, దగ్గు లొంగట్లేదన్న కసితో. గిన్నె ఇంకా బాత్రూం గుమ్మం దగ్గరే ఉంది, నీళ్ళు చల్లారలేదు. ఆ ఘాటు, ఆ రక్తం వాసన కలిసిపోయాయి. ఇప్పటికీ పక్కింట్లో ఎవరైనా జలుబు చేసి ఆ సీసా మూత తీస్తే నా చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోతుంది.

మా ఆయన లేచి వచ్చాడు. లైటు వేసి, బేసిన్ చూసి, ఒక్క మాట మాట్లాడకుండా కొళాయి తిప్పి కడిగేశాడు. అవతల మంచం మీంచి అవ్వ "ఏందమ్మే, ఏమైంది?" అంటోంది. ఏం లేదన్నాను. తెల్లారే దాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. పడుకుంటే దగ్గొస్తుంది, దగ్గితే రక్తమొస్తుంది. ఎదురుగా నాలుగేళ్ళ పాప నిద్రపోతోంది. రెండున్నర నెలలుగా అది నా మొహానికి మొహం ఆనించి పడుకుంటోందని అప్పుడు గుర్తొచ్చింది. అసలు భయం అక్కడ మొదలైంది.

రెండున్నర నెలలు ఏం చేశానంటే, రెండు పనులు చేశాను. మొదటిది, మా మదనపల్లెలోనే ఒక క్లినిక్‌కి మూడుసార్లు వెళ్ళాను. "టీచర్లకు దగ్గు మామూలేనమ్మా, చాక్‌పీసు పొడి" అన్నాడు ఆ డాక్టరు. మా స్కూల్లో చాక్‌పీసులు పోయి మార్కర్లు వచ్చి రెండేళ్ళయింది. ఆ మాట చెప్పేలోపే సిరప్ రాసేశాడు. కఫం పరీక్ష రాయడానికి ఎంతసేపు పడుతుంది? రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం చూడాలని ప్రతి ప్రభుత్వాసుపత్రి గోడ మీదా రాసి ఉంటుంది.

రెండోది, వదిన వరసయ్యే ఒకావిడ దగ్గర నూనెల కిట్ కొన్నాను. ఆరు చిన్న సీసాలు, గదిలో వాసన చిమ్మే ఒక డిఫ్యూజర్, నాలుగు వేల రెండు వందలు. దాంతోపాటు ఒక వాట్సాప్ గ్రూపు. రోజూ పొద్దున్నే అక్కడ "ఒంటికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది" అని వస్తుంది. తిట్టాలంటే ఆవిడనే తిట్టొచ్చు గానీ, నిజం చెప్పాలి కదా. నాకు ఆ నూనెలు నచ్చింది వాసనకు కాదు, అవి జబ్బు పేరు అడగవు కాబట్టి. నాకు లోపల అనుమానం ఉంది. బరువు 41 కిలోలకు దిగింది, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు. బయాలజీ చెప్పేదాన్ని, తెలియక కాదు.

ఆ రక్తం చూశాక ఆసుపత్రికి వెళ్ళి కఫం ఇచ్చాను, సీబీనాట్ అనే కఫం పరీక్షలో టీబీ అని వచ్చింది. రోజుకు మూడు మాత్రలు, ఆరు నెలలు. మందులు ఉచితం, తిండికని నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. పాపకు జబ్బు లేదని తేల్చి, రాకుండా ఉండటానికి మందు మొదలుపెట్టారు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. ఆ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వేసుకుంటే అంతేనట. ఆ ఒక్క ముక్క ముందే చెప్తే ఏం పోయేది! తర్వాత వికారం. పొద్దున పరగడుపున మాత్రలు మింగితే కడుపులో తిప్పేసేది. అప్పుడు ఆ కిట్‌లోని నిమ్మగడ్డి నూనె నిజంగానే ఆదుకుంది. కర్చీఫ్ మీద ఒక చుక్క వేసి పీలుస్తుంటే ఆ అరగంట గడిచేది. అది ఊపిరితిత్తుల్లో క్రిమిని చంపదు, మాత్ర బయటికి రాకుండా చూసింది, అంతే. నాకు అదే చాలు. నీలగిరి మాత్రం మళ్ళీ నేను పీల్చలేదు. పాపకు జలుబు చేసినప్పుడు దాని ముక్కు దగ్గర రాయబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చిన్నపిల్లలకు ముక్కు దగ్గర రాస్తే ఊపిరి ఇబ్బంది అవుతుందట, పొరపాటున మింగితే ఫిట్స్ కూడా రావచ్చట. ఇంట్లో ఆ సీసా ఉంటే పైన అటక మీద పెట్టండి.

మూడో వారంలో నూనెలు అమ్మినావిడ ఫోన్ చేసి, ఆ మాత్రలు లివర్‌ను తినేస్తాయి, నాలుగు రోజులు ఆపి డీటాక్స్ చెయ్యమంది. ఆపాను. వికారంతో విసిగి ఉన్నాను, ఎవరో ఒకరు ఆపమంటే బాగుండనుకుంటున్నాను. ఐదో రోజు ఆశా కార్యకర్త ఇంటికొచ్చింది. తిట్టలేదు. "నేను ఈడనే కూర్చుంటా, మింగక్కా" అని చెంబుతో నీళ్ళందించింది. రక్తపరీక్ష చేయిస్తే లివర్ బాగానే ఉంది. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి గానీ సొంతంగా ఆపితే మందులకు లొంగని టీబీగా మారొచ్చని అప్పుడు బుర్రకెక్కింది.

తిండి బాధ్యత అవ్వ తీసుకుంది. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ, పప్పు తప్పనిసరి, రాత్రి పాలు. వద్దంటే వినదు. ఒకరోజు ముద్ద కలుపుతూ వాళ్ళ నాయన సంగతి చెప్పింది. టీబీ వచ్చి, ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానిటోరియంలో, అంటే టీబీ రోగులను ఉంచే ఆసుపత్రిలో, ఉన్నాడట. "మంచి గాలి, గుడ్లు, పాలు, అన్నీ ఉన్నాయి. మాత్రే లేదు ఆ కాలంలో" అంది. ఆయన తిరిగి రాలేదు.

తర్వాత 1950ల్లో మద్రాసులో జరిగిన అధ్యయనం గురించి చదివాను. సగం మందిని శానిటోరియంలో, సగం మందిని ఇంట్లో ఉంచి అందరికీ ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు తిండి అంతంతమాత్రమే, అయినా దాదాపు సమానంగానే కోలుకున్నారు. చదువుతుంటే అవ్వ నాయన గుర్తొచ్చాడు. అలాగని తిండి ఉత్తదేం కాదు. జార్ఖండ్‌లో రోగి ఇంట్లోవాళ్ళకు తిండి మెరుగుపరిస్తే వాళ్ళలో కొత్తగా టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. అది చదివాక అవ్వకూ పాపకూ కూడా రోజూ గుడ్డు మొదలుపెట్టాను. అవ్వ మొహం చిట్లిస్తూ తిన్నది.

చివరి పరీక్షలో క్రిమి లేదని వచ్చే నాటికి 49 కిలోలయ్యాను. వారం తిరక్కుండా ఆవిడ ఫోన్. "నూనెలతో నయమైందని రెండు ముక్కలు చెప్పి పంపు, గ్రూపులో పెడతా" అంది, సంతోషంగానే. ఖాళీ మాత్రల అట్టలన్నీ నేను దాచి ఉంచాను, మొత్తం 168 రోజులవి. నేల మీద వరసగా పరిచి ఫోటో తీసి, పక్కన నిమ్మగడ్డి నూనె సీసా కూడా పెట్టి, నేనే గ్రూపులో పెట్టాను.

సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.