చక్కెరకు మ్యూస్లీ ధర

బెంగళూరు మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడవాలంటే టిఫిన్ బాగుండాలి. వైఫై ఆగినా, గీజర్ మొరాయించినా పిల్లలు సర్దుకుంటారు గానీ, పొద్దున ఇడ్లీ గట్టిగా వచ్చిందంటే సాయంత్రానికి గూగుల్‌లో ఒక్క స్టార్ పడుతుంది. మా దగ్గర ఉండేవాళ్లలో ఎక్కువమంది గుంటూరు, ఒంగోలు, కడప వైపు వాళ్లే. ఇడ్లీ, పొంగల్, గురువారం ఉగ్గాని బజ్జీ, ఇవీ మా రోజులు. ఈమధ్య వచ్చిన బ్యాచ్‌కి జిమ్ పిచ్చి. "ఆంటీ, వారానికి రెండు రోజులు మ్యూస్లీ పెట్టండి, ఆయిల్ ఫుడ్ మానేశాం" అన్నారు. బజ్జీ రోజున ప్లేటు పట్టుకుని మొదట నిలబడేదీ వీళ్లే, అది వేరే సంగతి.

మ్యూస్లీ అంటే ఓట్స్, ఫ్లేక్స్, గింజలు, ఎండుపళ్లు కలిపిన మిశ్రమం, పాలు పోసుకుని తినేది. నాకేం, పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. కానీ డబ్బు నాది కాబట్టి కొనే ముందు ప్యాకెట్ వెనకవైపు చదువుతాను. ముందువైపు తేనె చుక్క, బాదంపప్పులు, ఒక గుండె బొమ్మ ఉన్నాయి. వెనక పదార్థాలను బరువు ప్రకారం రాయాలి, ఎక్కువున్నది ముందు. ఓట్స్, గోధుమ ఫ్లేక్స్, మూడోది చక్కెర! బాదం ఎక్కడో కింద ఉంది. గోధుమ ఫ్లేక్స్ పక్కన బ్రాకెట్‌లో మళ్లీ చక్కెర, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసే తీపి పాకం). ఎండుద్రాక్ష దాటాక ఇన్వర్ట్ సిరప్, అదీ చక్కెర పాకమే. బొమ్మలో అంత మెరిసిన తేనె 2 శాతం.

దాని పక్కనే పట్టిక. అందులో టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ అని రెండు వరుసలుంటాయి. మొదటిదాంట్లో ఎండుద్రాక్షలో తనంతట తాను ఉండే తీపి కూడా కలుస్తుంది. రెండోది కంపెనీవాళ్లు వేసింది. ఈ ప్యాకెట్‌లో అది 100 గ్రాములకు 18 గ్రాములు. రోజుకు చాలిన చక్కెరలో ఒక సర్వింగ్‌తో, అంటే ఒకసారి తినే మోతాదుతో, వచ్చేది 14 శాతమే అని కూడా ఉంది. చూడ్డానికి ఎంతో కాదనిపిస్తుంది. అయితే సర్వింగ్ అంటే వాళ్ల లెక్కలో 40 గ్రాములు. అందులో 7.2 గ్రాముల చక్కెర. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబుల్ నిబంధనల్లో ఈ శాతం కట్టడానికి రోజుకు 50 గ్రాములు అని పెట్టుకున్నారు, అలా 14 వచ్చింది.

వంటింటి కాటా మీద 40 గ్రాములు తూచి చూశాను. మా స్టీలు గిన్నె అడుగు కూడా సరిగా నిండలేదు. ఒంగోలు అబ్బాయి రోజూ పోసుకున్నట్టే పోసుకోమని తూస్తే 75 వచ్చింది. అంటే పదమూడున్నర గ్రాముల చక్కెర, మూడు టీస్పూన్లు దాటింది. పాలలో చక్కెర వేసుకోనని వాడికి గొప్ప. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇలాంటి చక్కెరలు మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి తగ్గిస్తే ఇంకా మంచిదని చెప్పింది. రెండు వేల కేలరీలు తినే మనిషికి ఆ 5 శాతం సుమారు 25 గ్రాములు. తొమ్మిది గంటలకే అందులో సగం పైగా అయిపోయింది, ఆఫీసులో కాఫీ మెషీన్ ఇంకా ముట్టుకోనేలేదు.

"అయితే తేనె, బెల్లం వేసింది తెద్దాం ఆంటీ" అంది గుంటూరు అమ్మాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెనూ సిరప్‌లనూ ఆ లెక్కలోనే వేసింది తల్లీ, బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. మ్యూస్లీకి చుట్టమైన గ్రనోలా గురించి అడగనే వద్దు. ఆ కరకరలాడే ఉండలు ఊరికే కట్టవు, నూనె, పాకం కలిపి కాల్చితే కడతాయి. ఆయిల్ ఫుడ్ మానేసినవాళ్లకు ఈ మాట చెబితే మొహాలు చూడాలి.

"ఇంత ఉంటే గవర్నమెంట్ ఊరుకుంటుందా?" అన్నాడొకడు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ షాపులకు పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లాంటివి 'హెల్త్ డ్రింక్స్' వరసలోంచి తీసేయమని చెప్పింది. డబ్బాలో పొడి మారలేదు, వెబ్‌సైట్‌లో చోటు మారింది.

నాకు చక్కెర మీద కోపం లేదు, మా టీలో బాగానే వేస్తాను. నా బాధ ధర గురించి. ఆ మ్యూస్లీ కిలో 450. అందులో 180 గ్రాములు చక్కెర అంటే దానికి నేను 81 రూపాయలు కడుతున్నాను. కిలో 45కి దొరికే చక్కెర అంతే కొంటే ఎనిమిది రూపాయలు! పోనీ చక్కెర లేనిది తెద్దామంటే దాని ధర ఇంకా ఎక్కువ, వెయ్యనందుకూ మనమే కట్టాలి.

అందుకే నేనే కలుపుతున్నాను. సాదా ఓట్స్, దోరగా వేయించిన అటుకులు, వేరుశనగలు, గుమ్మడి గింజలు, కాసిన్ని ఎండుద్రాక్షలు. వేరుశనగలు విడిగా వేయించాలి, లేకపోతే అటుకులు మాడిపోతాయి. పక్కన చక్కెర డబ్బా పెట్టాను, కావలసినవాళ్లు వేసుకుంటారు. ఒంగోలు అబ్బాయి ఒక చెంచాతో ఆగుతున్నాడు. ఇద్దరు మాత్రం టేస్ట్ లేదని పాత ప్యాకెట్టే తెచ్చుకుని, పేర్లు రాసి ఫ్రిజ్ మీద పెట్టుకున్నారు. తినండి నాయనా, మీ డబ్బు. పీజీ ఖాతాలో మాత్రం రాయను.