ఉయ్యాలో పాటలో గుణింతం

పరాయి దేశంలో పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం నేర్పాలంటే పాటతో మొదలుపెట్టండి అని అడిగినవాళ్లందరికీ చెప్తుంటాను. కాకపోతే అక్షరాలను వరుసగా గడగడా ఒప్పజెప్పించే పాట వేరు, చదివించే పాట వేరు. మా పిల్లలకు పనికొచ్చింది రెండోది. దాన్ని హన్మకొండ నుంచి మా అమ్మ ఇచ్చింది.

డాలస్‌లో మా చిన్నది ప్రీస్కూల్లో చేరగానే ఇంగ్లిష్ అక్షరాల పాట పాడుకుంటూ ఇంటికొచ్చింది. 1835లో బోస్టన్‌లో అచ్చయిన పాట అది, బాణీ ఫ్రెంచ్‌వాళ్లది. ఎల్ నుంచి పీ దాకా ఒక్క గుక్కలో పోతుంది కాబట్టి అదంతా ఒకే అక్షరం అనుకునే పిల్లలు చాలామంది. పైగా ఇంగ్లిష్‌లో అక్షరం పేరు ఒకటి, అది పలికేది ఇంకొకటి. ‘ఎచ్’ అనే పేరులో ‘హ’ ఎక్కడా వినపడదు. అందుకే అక్కడి టీచర్లు పేర్ల పాట అయ్యాక శబ్దాల పాటలు మళ్లీ విడిగా నేర్పిస్తారు. మనకు ఆ బాధ లేదు. ‘క’ పేరూ ‘క’నే, పలికేదీ ‘క’నే. తెలుగులో అక్షరాన్ని సరిగ్గా పాడితే దాన్ని చదివినట్టే.

అట్లని అ ఆ ఇ ఈ పాటను టీవీలో పెట్టి వదిలేస్తే లాభం లేదు. నోరు పాడుతుంటుంది, కన్ను ఇంకెక్కడో ఉంటుంది. ‘ఒ’ చూపించి ఇదేంటంటే పిల్లలు మళ్లీ ‘అ’ నుంచి అందుకుంటారు. పాడేటప్పుడు వేలు అక్షరం కింద పెట్టించాలి. మధ్యలో ఆపాలి. ‘ఎ’ దగ్గర మొదలుపెట్టి పాడమనాలి. ఇది విసుగు పుట్టించే పనే, అయినా రోజూ కాసేపు పక్కన కూర్చుని చేయించాల్సిందే.

మా ఇంట్లో అసలు సమస్య వేరే. ఇక్కడ పెరిగే పిల్లలకు హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా చెవికి అందదు. మా పెద్దవాడు అమ్మమ్మను పాట పాడమని అడగాలనుకుని ‘అమ్మమ్మా, పడు’ అనేవాడు. ‘వాన’ అనాల్సిన చోట ‘వన’ అనేవాడు. చెవిలో తేడా లేకపోతే కాగితం మీది దీర్ఘం వాడికి ఒట్టి గీత. ఎన్నిసార్లు రాయించినా మళ్లీ మర్చిపోయేది అందుకే.

అమ్మ వాడి చదువు వీడియో కాల్‌లో వింటూ, ‘తొందరపడకు బిడ్డా, చప్పట్లు కొట్టుకుంట చదువు’ అంది. పొట్టి అక్షరానికి ఒక చప్పట, పొడుగు అక్షరానికి రెండు. తను చిన్నప్పుడు బడిలో పలక పట్టుకుని పాడిన గుణింతమే అందుకుంది: కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు. మేమందరం ఒకప్పుడు బట్టీ పట్టిందే. ఇప్పుడు పిల్లల పక్కన కూర్చుని వింటే అందులో ఎంత పనితనం ఉందో అర్థమైంది. అక్షరానికి ఏ గుర్తు చేరిందో, చేరాక అది ఎట్లా పలుకుతుందో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. దానికి చప్పట్లు కలిస్తే ఆ శబ్దం ఎంతసేపు ఉండాలో కూడా చేతికి తెలుస్తుంది. ఛందస్సులో ఒక మాత్ర, రెండు మాత్రలు అనే లెక్క ఇదే కదా.

వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి పాడడం కుదరదు. అక్కడి గొంతు ఇక్కడికి వచ్చేసరికి ఆలస్యమై చప్పట్లు కలవవు. బతుకమ్మ పాటతో ఆ ఇబ్బంది తీరింది. ఒకరు చరణం చెప్పి ఆగాక మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు కాబట్టి, కాస్త ఆలస్యమైనా పాట చెడదు. ఇక్కడ శనివారం పొద్దున ఎనిమిదింటికి అక్కడ సాయంత్రం ఆరున్నర. అమ్మ తీరిగ్గా కూర్చుంటుంది.

బతుకమ్మ పాటల్లో ఇంకో సుగుణం ఉంది. ఆడుతూ ఆడుతూ కొత్త చరణాలు కట్టుకోవచ్చు. హన్మకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు ఆడేవాళ్లలో అట్లా అప్పటికప్పుడు కట్టి పాడేవాళ్లను చిన్నప్పుడు చూశాను. అందుకే పిల్లలకు వచ్చిన గుర్తులతోనే చరణాలు కడదామని అమ్మా నేనూ అనుకున్నాం. తలకట్టు, కొమ్ము మాత్రమే వచ్చిన రోజుల్లో కట్టినవి ఇవి:

కడపకడపకు పసుపు ఉయ్యాలో
వరుసవరుసకు గునుగు ఉయ్యాలో

ఉయ్యాలో తప్ప మిగతావన్నీ పొట్టి అక్షరాలే, ఒక్క ఒత్తు లేదు. ఉయ్యాలో ఎట్లాగూ పిల్లల నోటికి వచ్చిందే, దాన్ని బొమ్మలా గుర్తుపడతారు. చిన్నది మొదటిసారి ఎవరి సాయం లేకుండా చదివిన తెలుగు వాక్యాలు ఈ రెండే. అమ్మ ఫోన్‌లో చరణం చెప్తుంటే చిన్నది కాగితం మీద వేలు జరుపుతూ, ‘గునుగు’ దగ్గర వేలు ఆపి, ‘అమ్మమ్మా, ఇది బతుకమ్మ పువ్వు కదా’ అంది. పదం చదివి అర్థం కూడా పట్టుకుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దీర్ఘాలు వచ్చాక మా వాడకట్టు పేర్లు, చెరువు, బాపు, మామ అన్నీ చరణాల్లోకి వచ్చాయి.

పాట చేయలేనివీ ఉన్నాయి. కొమ్ము చాలా అక్షరాలకు పక్కన వస్తే ‘పు’కు, ‘వు’కు కింది నుంచి వస్తుంది. వ పక్కన కొమ్ము వేస్తే అది ‘మ’లా కనపడుతుంది. ఇది చెవికి తెలిసేది కాదు, పలక మీద పక్కపక్కన రాయించి చూపించాలి. ఇంకొకటి, ఇంగ్లిష్‌లో మాట మొదట్లో వచ్చే ‘ప’, ‘క’ గాలి వదిలి పలుకుతారు. ఆ అలవాటుతో మా పిల్లల ‘పలక’ ‘ఫలక’లా వినపడేది. దీనికి మాత్రం అమ్మ పంపిన వాట్సాప్ రికార్డింగులే మందు. కారులో వెళ్తూ అవే వింటాం.

ఇప్పుడు ఒత్తుల దగ్గర ఉన్నాం. ఒత్తుకు ముందున్న అక్షరం పొట్టిదైనా బరువెక్కుతుంది కాబట్టి దానికీ రెండు చప్పట్లు అని అమ్మ చెప్పింది. ‘బతుకమ్మ’లో క దగ్గర రెండు. చిన్నది వెంటనే పట్టేసింది. పెద్దవాడు ఒత్తు ఉన్న అక్షరానికే రెండు కొడుతున్నాడు, వాడికి ‘గిన్నె’, ‘కుక్క’, ‘పువ్వు’ లాంటి రెండక్షరాల మాటలతో ఇంకొన్ని చరణాలు కట్టాలి.