టాలిన్‌లో కోరస్, కౌస్టినెన్‌లో ఫిడేలు

ఎస్టోనియా పాటల పండుగ ‘లౌలుపిదు’ ఐదేళ్లకోసారి వస్తుంది. 2025 జులైలో దాని కోసమే ఆ దేశ రాజధాని టాలిన్ చేరుకున్నాం. ముసురు పట్టినా ఎవరూ పట్టించుకోలేదు. బృందాలన్నీ ఊరి నడిబొడ్డు నుంచి మైదానం దాకా ఊరేగింపుగా నడిచొచ్చాయి. ఆడవాళ్లు కట్టుకున్న ఉన్ని పరికిణీల నిండా నిలువు చారలు. ఆ రంగులు చూసి ఎవరిది ఏ ప్రాంతమో అక్కడివాళ్లు చెప్పేస్తారు.

1960లో కట్టిన కమాను వేదిక వెనక సముద్రం, ఎదురుగా వాలుగా పచ్చిక. గాయకులు వేదిక పట్టక కిందికీ వచ్చి నిలబడ్డారు. ఇన్ని వేల గొంతులు కలిస్తే హోరెత్తిపోతుందనుకున్నా. కానీ సన్నగా పాడాల్సిన చోట అంతమందీ కలిసి గొంతు తగ్గించారు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. ఎవరికైనా పాట బాగా నచ్చితే జనం మళ్లీ పాడమని గొడవ చేస్తారు, పాడేదాకా వదలరు.

ఈ పండుగ 1869లో తార్తూలో మొదలైంది. ఎస్టోనియా సోవియట్ పాలనలో ఉన్న రోజుల్లో, 1960 పండుగలో, కార్యక్రమంలో లేని ‘ము ఇసమా ఒన్ మిను అర్మ్’ (నా మాతృభూమే నా ప్రేమ) పాటను జనమే అందుకున్నారు. లిడియా కోయిడులా కవితకు గుస్తావ్ ఎర్నెసాక్స్ కట్టిన బాణీ అది. ఇప్పటికీ అది మొదలవగానే అందరూ లేస్తారు. నా పక్కనున్న పెద్దావిడ వానలోనే కోటు టోపీ వెనక్కి తోసేసి, పుస్తకం చూడకుండా మొత్తం పాడింది. ఒక్క ముక్క రాని నేను ఊరికే నిలబడ్డాను.

అక్కడి నుంచి ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికి ఓడలో రెండు గంటలే. అన్నట్టు, రెండు దేశాల జాతీయ గీతాలకూ బాణీ ఒక్కటే, ఫ్రెడ్రిక్ పాసియస్‌ది. రైల్లో కొక్కొలా దాకా, తర్వాత బస్సులో కౌస్టినెన్‌కి వెళ్లాం. చిన్న ఊరు. 1968 నుంచి ఏటా జానపద సంగీతోత్సవం జరుగుతోంది. ఇక్కడి ఫిడేలు సంప్రదాయాన్ని 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

వేదికల మీది కచేరీల కన్నా ఆరుబయట జరిగేదే నాకు నచ్చింది. నాలుగైదు ఫిడేళ్లు, ఒక డబుల్ బాస్, కాళ్లతో తొక్కే హార్మోనియం. మన పద్యనాటకాలు చూసినవాళ్లకి ఆ హార్మోనియం చుట్టమే. ఎదురుగా స్వరాల కాగితం ఉండదు, అంతా చెవి విద్యే. పాదంతో నేలను గట్టిగా కొడుతూ పాత పెళ్లి పాటలు వాయిస్తారు. ఫిడేలు గురువు మౌనో యర్వెలా మొదలుపెట్టిన పద్ధతిలో కొత్తగా నేర్చుకునే పిల్లలూ పెద్దలతో కలిసే వాయిస్తారు. రాని పిల్లాడికి రెండు స్వరాలిస్తారు, వాడు అవే లాగుతూ ఉంటాడు, పాట మాత్రం ఆగదు.

నా కాలు కూడా తాళం వేస్తోందని చూసి ఒకాయన జరిగి బల్ల మీద చోటిచ్చాడు. టాలిన్‌లో విన్నది గొప్పదే, కాదనను. ఒక్కచోటికే వెళ్లే వీలుంటే మాత్రం నేను కౌస్టినెన్‌కే టికెట్ కొంటాను.