వదంతి: కర్త కనిపించని క్రియ

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వీధులు నీట మునిగి ఉన్న రోజుల్లో, వరద తాకని మా పేటలో సైతం ‘కట్ట మళ్లీ తెగిందట’ అన్న మాట తరచుగా వినిపించేది. ఇటువంటి మాటకు మనం వాడే ‘వదంతి’ పుట్టుకలోనే దాని స్వభావం దాగి ఉంది.

సంస్కృతంలో ‘వద్’ ధాతువుకు వర్తమాన కాలంలో ప్రథమ పురుష బహువచన రూపం ‘వదంతి’. అంటే ‘చెబుతున్నారు’ అని. చెబుతున్నది ఎవరో ఆ రూపం చెప్పదు. దానికి ముందు ‘కిం’ చేరిస్తే ‘ఏమంటున్నారు?’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. ‘కింవదంతీ జనశ్రుతిః’ అని పర్యాయపదం ఇచ్చిన ‘అమరకోశం’ నిఘంటుకర్త అమరసింహుడు, ఆ వెంటనే తర్వాతి పాదంలో ‘వార్తా ప్రవృత్తిర్వృత్తాంత ఉదంతః’ అంటూ వార్తకు వేరే వరుస కట్టాడు. రెండింటినీ పక్కపక్కనే నిలిపినా ఒకదానిలో ఒకటి కలపని ఆ జాగ్రత్త నాకు ఎంతో నచ్చుతుంది.

‘పుకారు’ హిందుస్తానీ నుండి వచ్చింది; అక్కడ దానికి పిలుపు, మొర అని అర్థం. మనం పుకారు అనే దాన్ని వారు ‘అఫ్వాహ్’ అంటారు. అరబ్బీలో ఆ పదానికి ‘నోళ్లు’ అని అర్థం, ఇదీ బహువచనమే. ‘ఆ నోటా ఈ నోటా విన్నాం’ అనే మనకు ఇందులో వింతేమీ తోచదు.

అయితే తెలుగుకు వీటన్నిటికంటే పదునైన సాధనం ‘అట’. ‘తెగింది’ అన్నవాడు తన మాటకు పూచీ పడుతున్నాడు. ‘తెగిందట’ అన్నవాడు తాను కళ్లారా చూడలేదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాడు. కాబట్టి వదంతులకు ‘అట’ను నిందించడం న్యాయం కాదు. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారేసరికి వాక్యం చివరనున్న ఆ ‘ట’ రాలిపోవడంతోనే అసలు చిక్కు మొదలవుతుంది. పత్రికా భాషలో ‘అట’కు అంతగా చోటు లేదు కనుక ఆ పనిని ‘భోగట్టా’ చేస్తూ ఉంటుంది. ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అని రాసినప్పుడు ఆ వర్గాలు ఎవరో మాత్రం చెప్పరు. విశ్వసనీయమన్న కితాబును ముందుగానే ఇచ్చేస్తారు.