పీఎఫ్ మార్పుల్లో ఎవరూ పట్టించుకోనిది

2025 అక్టోబర్ 13న ఈపీఎఫ్ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయాల్లో అందరి దృష్టీ ఖాతాలో ఉంచాల్సిన 25 శాతం కనీస నిల్వ మీదే ఉంది. ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతాది 12 నెలలకు. నాకది సబబుగానే అనిపిస్తోంది.

అసలు చూడాల్సింది పీఎఫ్‌తో పాటు పింఛను పథకంలో (ఈపీఎస్) జమయ్యే సొమ్ము. దాన్ని వెనక్కి తీసుకునే గడువును 2 నెలల నుంచి 36 నెలలకు పెంచాలన్నారు. మంచిదే! నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. కంపెనీ మారినప్పుడల్లా ఫారం 10సీ పెట్టి డబ్బు తీసేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోకి రాదు. దయచేసి తీయకండి, కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. ముందు ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లోని మీ సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీ మీరు మానేసిన తేదీ వేసిందో లేదో చూడండి. వేయకపోతే, చివరి చందా పడిన 2 నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ చివరి చందా నెలలోనిదై ఉండాలి.