మా మేనకోడలికి ముదిత అని పేరు పెట్టుకున్నాం

మా తమ్ముడికి కూతురు పుట్టిన నాటి నుంచి 21వ రోజు బారసాల దాకా మా ఇంట్లో పేరు గురించి తప్ప మరో మాట లేదు. పాప మఖ నక్షత్రం మూడో పాదంలో పుట్టింది కనుక ‘మూ’ అక్షరంతో పేరు రావాలని పురోహితులు చెప్పారు. ఇందులో హ్రస్వదీర్ఘాల పట్టింపు లేదు కాబట్టి ‘ము’ అయినా సరిపోతుందన్నారు. పేరుకు సంతోషమనే అర్థం ఉండాలన్నది మా మరదలి కోరిక. మేనత్తను కనుక వెతికే బాధ్యత నాకు అప్పగించారు.

మొదట అంతర్జాలంలో చూశాను. ‘ఆనందం’ అని అర్థమిచ్చిన కొన్ని పేర్లు ఏ నిఘంటువులోనూ కనబడలేదు. ఇంపైన అక్షరాలను కూర్చి, వాటికొక మంచి అర్థాన్ని అంటగట్టడం ఈ మధ్య ఎక్కువైంది. బిడ్డ పెద్దదై తన పేరుకు అర్థం అడిగిననాడు నిజం చెప్పగలగాలన్న పట్టుదలతో అమరకోశం తీశాను. అందులో సంతోషానికి 12 మాటలు ఒకేచోట ఉన్నాయి. మనం రోజూ పిలిచే ప్రీతి, హర్ష, ప్రమోద్, ఆనంద్ అన్నీ అక్కడివే. ఆ వరుసలో మొట్టమొదటిదైన ‘ముత్’ ఏ ధాతువు నుంచి వచ్చిందో ‘ముదిత’ కూడా దాని నుంచే వచ్చింది. సంతోషం పొందినది అని దాని అర్థం.

అమ్మకు నచ్చలేదు. ‘ముది’ అనగానే ముదిమి, ముదుసలి గుర్తుకొస్తాయంది. అది అచ్చతెలుగు మాట, ఇది సంస్కృతం, రెండింటికీ చుట్టరికం లేదని చెప్పినా, చెవికి వినబడేది వినబడక మానదు కదా. కావ్యాల్లో ముదిత అంటే స్త్రీ అనే కదా, ఆడపిల్లకు మళ్ళీ ఆ పేరెందుకని నాన్నగారు అడిగారు. అప్పుడు బౌద్ధులు చెప్పే మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనల గురించి ఆయనకు చెప్పాను. అక్కడ ముదిత అంటే ఎదుటివారి సంతోషాన్ని చూసి, అసూయ లేకుండా తానూ సంతోషించడం. మైత్రి, కరుణ అని మన ఆడపిల్లలకు ఎప్పటినుంచో పేర్లు పెట్టుకుంటూనే ఉన్నాం. నాన్నగారు ఇక అభ్యంతరం చెప్పలేదు.

అందరికన్నా ముందు ఒప్పుకున్నది నాయనమ్మ. ఆమె అన్నగారి పేరు పెంటయ్య. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కకపోవడంతో, మృత్యువు కన్ను పడకూడదని అలాంటి పేరు పెట్టారట. ఆ పేరు వెనుక ఉన్న తల్లి ఆరాటాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. సంతోషమని పైకి చెప్పుకునే పేరు భయం లేకుండా పెట్టుకోగలుగుతున్నాం, పెట్టేయండి అంది నాయనమ్మ.

బారసాల నాడు తమ్ముడు పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో ఆ మూడు అక్షరాలూ రాశాడు. నేను పాప చెవిలో మూడుసార్లు పిలిచాను. అమ్మ మాత్రం ‘ముద్దూ’ అని పిలుచుకుంటోంది. పాప ఇప్పుడు ఆ పిలుపుకే తల తిప్పుతోంది.